పుల్డ్ పోర్క్: ప్రెషర్ కుక్కర్, ఓవెన్, స్లో కుక్కర్ – ఏది మేలు?

పుల్డ్ పోర్క్ అంటే మెత్తగా ఉడికించి పోగులుగా విడదీసిన పంది మాంసం. మాంసం రెండు కిలోల లోపే ఉండి, ఆ రోజు సాయంత్రానికే కావాలంటే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరే మేలు. షరతు ఒక్కటే: ఉడికించి విడదీసిన మాంసాన్ని చివర్లో కొద్ది నిమిషాలు ఓవెన్ గ్రిల్ (పైనుంచి వేడి కొట్టే భాగం) కింద పెట్టాలి. ముక్క పైన ముదురు రంగులో గట్టిగా కట్టే పొర (బార్క్) లేకపోతే అది పుల్డ్ పోర్కే కాదనుకునేవాళ్లకు ఓవెన్ తప్పదు. తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్ పొద్దున మూతపెట్టి బయటికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లకు పనికొస్తుంది, అంతే. రుచిలో అది ప్రెషర్ కుక్కర్‌ని మించదు.

ముందు ముక్క సంగతి

మూడు పద్ధతులకూ కావలసింది పంది భుజం పైభాగమే. అమెరికా మాంసం దుకాణాల్లో దాన్ని బోస్టన్ బట్ అంటారు. కండ మధ్యలో కొవ్వు చారలు, వాటి చుట్టూ కొలాజెన్ (కండని పట్టి ఉంచే గట్టి పదార్థం) బాగా ఉంటాయి. భుజం కిందిభాగం, అంటే పిక్నిక్ షోల్డర్, కూడా పనికొస్తుంది. కాకపోతే తోలు, ఎముక ఎక్కువ, తినే భాగం తక్కువ. వీపు వెంట ఉండే లాయిన్ మాత్రం వద్దు. అందులో కొవ్వూ తక్కువే, కొలాజెనూ తక్కువే. గంటసేపు ఉడికిస్తే పీచుపీచుగా విడిపోతుంది గానీ నోట్లో పొడిపొడిగా తగులుతుంది, ఎంత సాస్ పోసినా ఆ పొడితనం పోదు.

ఉడకడం వేరు, విడిపోవడం వేరు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో మార్చిన నియమం ప్రకారం పోర్క్ ముక్క లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కి చేరి మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితం. ఆ దశలో భుజం ముక్క నమిలినా నలగదు. కొలాజెన్ దాదాపు 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా జెలటిన్‌గా (మెత్తటి జిగురు పదార్థంగా) మారుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ మార్పు వేగం అందుకుంటుంది. అందుకే ఓవెన్‌లో లోపలి వేడి 93 నుంచి 96 డిగ్రీలు వచ్చేదాకా ఆగుతాం. ఎలక్ట్రిక్ కుక్కర్ మూత కింద ఆవిరి 115 నుంచి 118 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి అదే పని గంటలో అయిపోతుంది. స్టవ్ మీద పెట్టే కుక్కర్‌లో ఒత్తిడి దాదాపు 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వేడి 121 డిగ్రీలు. ఎలక్ట్రిక్‌వి ఎక్కువగా 10 నుంచి 12 పీఎస్ఐ దగ్గరే పనిచేస్తాయి. స్టవ్ కుక్కర్ సమయాలు ఎలక్ట్రిక్‌కి వాడితే మాంసం గట్టిగా మిగిలిపోయేది అందుకే.

ప్రెషర్ కుక్కర్: సమయం బరువుని బట్టి కాదు, మందాన్ని బట్టి

చాలామంది పొరపడేది ఇక్కడే. రెండు కిలోలకి ఇంత, మూడు కిలోలకి ఇంత అని లెక్క వేస్తారు. వేడి ముక్క మధ్యకి చేరడానికి పట్టే సమయాన్ని తేల్చేది దాని మందం. ఒకటిన్నర కిలోల ముక్కని ఒకే ముద్దగా పెడితే 90 నిమిషాలు కావాలి. అదే దాన్ని దాదాపు 375 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు చేస్తే 60 నిమిషాలు చాలు. 250 గ్రాముల ముక్కలైతే 45 నిమిషాలు. అంతకంటే చిన్నవి చేయకూడదు, విడదీసినప్పుడు పొడవాటి పోగులు రాక తునకలైపోతాయి.

ఆరు లీటర్ల కుక్కర్‌కి, ఎముక లేని, నాలుగు ముక్కలు చేసిన ఒకటిన్నర కిలోల మాంసానికి కొలతలు ఇవి: ఉప్పు 22 గ్రాములు (కిలోకి 15 గ్రాముల లెక్క), పొగ వాసన గల పాప్రికా (కారం తక్కువ ఎర్ర మిరపపొడి) రెండు టీస్పూన్లు, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఆవపొడి ఒక్కో టీస్పూన్. ముందురోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టగలిగితే ఉప్పు లోపలిదాకా పోతుంది. బ్రౌన్ షుగర్ ఇప్పుడే కలపొద్దు. సాటే మోడ్‌లో (మూత లేకుండా వేయించే సెట్టింగ్‌లో) ముక్కల్ని ఎర్రగా కాల్చేటప్పుడు పంచదార ముందుగా మాడి, అడుగున చేదు పొర కడుతుంది. పంచదార సాస్‌లో వేసుకోవచ్చు.

రెండు టేబుల్ స్పూన్ల నూనె బాగా కాగాక ముక్కల్ని రెండేసి చొప్పున, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కదపకుండా కాల్చాలి. అన్నీ ఒకేసారి వేస్తే నీరు ఊరి, కాలాల్సినవి ఉడుకుతాయి. ఈ మెట్టు దాటేయకండి. మాంసానికి కాలిన రుచి తెచ్చే రంగుమార్పు చురుగ్గా జరగడానికి 140 డిగ్రీలు దాటాలి. మూత బిగించాక కుక్కర్ ఆ వేడికి చేరదు. ఇప్పుడు రాని రుచి ఆ గంటలో రాదు.

ముక్కలు తీసి, 180 మి.లీ. నీళ్లో మాంసం స్టాకో, 60 మి.లీ. యాపిల్ సైడర్ వెనిగర్ పోసి, చెక్క గరిటెతో అడుగంటినదంతా గీకాలి. దీన్ని వదిలేస్తేనే మధ్యలో ‘బర్న్’ అని చూపించి కుక్కర్ ఆగిపోతుంది. బార్బెక్యూ సాస్, కెచప్, తేనె వంటి చిక్కటివి ముందే పోసినా అదే జరుగుతుంది. వాటిని చివర్లోనే కలపాలి. మీ కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో కనీస ద్రవం ఇంకాస్త ఎక్కువ చెబితే అదే పాటించండి, అంతకు మించి పోయకండి. భుజం ముక్క ఉడుకుతూ తన రసాన్ని ధారాళంగా వదులుతుంది. మొదట పోసిన ఒక కప్పు చివరికి రెండు కప్పులు దాటుతుంది. గిన్నె మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు.

ముక్కల్ని తిరిగి లోపల పెట్టి మూత బిగించాలి. హై ప్రెషర్‌లో 60 నిమిషాలు అయ్యాక వాల్వ్ ముట్టుకోవద్దు. 20 నిమిషాలు దానంతట అదే చల్లారనివ్వాలి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే ముక్కల లోపలి నీరు వంద డిగ్రీలు దాటి ఉన్నది ఉన్నట్టే భగ్గున మరిగి ఆవిరైపోతుంది, పోగులు బిగుసుకుంటాయి. ‘గంట ఉడికించినా ఎండిపోయింది’ అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఈ తొందరే.

ఫోర్కు గుచ్చి తిప్పితే ముక్క అడ్డం చెప్పకుండా విడిపోవాలి. అడ్డం చెబితే అది ఎక్కువ ఉడికి గట్టిపడింది అనుకోకండి, ఇంకా ఉడకలేదని అర్థం. మళ్లీ మూతపెట్టి 10 నుంచి 15 నిమిషాలు. అటువైపు పొరపాటుకీ కుక్కర్‌లో తావుంది: అవసరానికి మించి 20 నిమిషాలు ఉంచితే పోగులు చెదిరి మెత్తటి ముద్దవుతుంది. ఓవెన్‌లో అరగంట అటూ ఇటూ అయినా పెద్దగా తేడా పడదు. కుక్కర్‌లో ఆ వెసులుబాటు లేదు. అందుకే సందేహంగా ఉంటే తక్కువ సమయమే పెట్టండి, పెంచుకోవడం తేలిక.

గంట అంటే గంట కాదని కూడా తెలిసి ఉండాలి. కాల్చడానికి 15, ఒత్తిడి ఎక్కడానికి 10 నుంచి 15, ఉడకడానికి 60, చల్లారడానికి 20, విడదీసి గ్రిల్ చేయడానికి 15 నిమిషాలు. మొత్తం రెండు గంటలు దాటుతుంది.

ఓవెన్: ఎక్కువ సమయం, తక్కువ పని

ఓవెన్‌లో ముక్కలు చేయాల్సిన పని లేదు. రెండున్నర కిలోల ముక్కని అలాగే, మసాలా పట్టించి, 135 డిగ్రీల దగ్గర పెడితే ఐదారు గంటలు పడుతుంది. ఇక్కడ మసాలాలో రెండు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్ వేసుకోవచ్చు, ఈ వేడికి మాడదు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పైభాగం ఎండుతూ ఎర్రబడి బార్క్ కడుతుంది.

లోపలి వేడి 65 నుంచి 75 డిగ్రీల మధ్య గంటో, అంతకన్నా ఎక్కువో కదలకుండా నిలిచిపోతుంది. ఓవెన్ పాడైందని వేడి పెంచేస్తారు కొందరు. మాంసం పైనుంచి నీరు ఆవిరవుతూ, ఒంటిమీద చెమట ఆరినట్టు, ముక్కని చల్లబరచడమే దానికి కారణం. పైపొరకి నచ్చిన రంగు వచ్చేసి ఉంటే అప్పుడు ఫాయిల్ గట్టిగా చుట్టి మళ్లీ పెడితే ఆ ఆగడం తొందరగా దాటుతుంది. ముందే చుడితే బార్క్ రాదు. 95 డిగ్రీల దగ్గర తీసి, ఫాయిల్‌లోనే ముప్పావు గంట ఉంచి విడదీయాలి.

ఖర్చు ఇక్కడే ఎక్కువ. ఐదారు గంటలపాటు పెద్ద ఓవెన్ మళ్లీ మళ్లీ వేడెక్కుతూనే ఉంటుంది. కుక్కర్ ఒత్తిడి ఎక్కేదాకా గట్టిగా కరెంటు లాగుతుంది, తర్వాత అడపాదడపా మాత్రమే. ఎండాకాలంలో వంటిల్లంతా వేడెక్కడం వేరే సంగతి. అయితే మూడు కిలోలు దాటిన మాంసానికి నా ఓటు ఓవెన్‌కే. అంత సరుకు ఆరు లీటర్ల కుక్కర్‌లో ఇరికించి, రెండు విడతలు వండి, రెండు విడతలు కాల్చేకన్నా ఒక్క ట్రేలో పెట్టి వదిలేయడం సుఖం.

స్లో కుక్కర్

‘లో’ (తక్కువ వేడి) మీద 8 నుంచి 10 గంటలు, ‘హై’ (ఎక్కువ వేడి) మీద 5 నుంచి 6. ద్రవం అర కప్పు చాలు, ఆవిరి బయటికి పోదు. మధ్యలో మూత తీసి చూసిన ప్రతిసారీ 20 నుంచి 30 నిమిషాలు వెనక్కి వెళ్తుంది. గడ్డకట్టిన మాంసం నేరుగా వేయకూడదు. అది 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ ఉండిపోతుంది, బ్యాక్టీరియా పెరిగేది ఆ వేడిలోనే. మెత్తదనం బాగుంటుంది, సమయంలో వెసులుబాటు ఎక్కువ. బార్క్ ఉండదు, కాలిన రుచీ ఉండదు. ముందు పెనంలో కాల్చకపోతే ఉడకబెట్టిన వాసనే వస్తుంది.

కుక్కర్ లోటు తీర్చే ఎనిమిది నిమిషాలు

విడదీసిన మాంసం వేడిగా ఉండగానే కొవ్వు ముద్దలు ఏరేయాలి. రసాన్ని వడకట్టి, పైన తేలిన కొవ్వుని వేరే గిన్నెలోకి తీసి, మిగతాది సాటే మోడ్‌లో సగం అయ్యేదాకా మరిగించాలి. ఉప్పు కూడా చిక్కబడుతుంది, కలిపే ముందు రుచి చూడండి. మాంసంలో 150 మి.లీ. దాకా పోసి కలిపితే పోగులు దాన్ని పీల్చుకుంటాయి.

తర్వాత సగం మాంసాన్నే ట్రేలో పలచగా పరిచి, తీసిన కొవ్వు రెండు స్పూన్లు చిలకరించి, గ్రిల్‌ని గరిష్ఠ వేడిలో పెట్టి, ఒకసారి కలియబెడుతూ 5 నుంచి 8 నిమిషాలు ఉంచాలి. అంచులు కరకరలాడతాయి. మిగతా సగంతో కలిపేయండి. మొత్తం గ్రిల్ చేస్తే రసం ఎండిపోయి కుక్కర్‌తో సాధించిన మెత్తదనం పోతుంది. ఓవెన్ బార్క్‌కి ఇది పూర్తి సాటి కాదు, దగ్గరగా వస్తుంది.

పొగ రుచి మాత్రం ఈ మూడింట్లో ఏదీ ఇవ్వదు. కట్టెల పొగ మీద గంటల తరబడి ఉంచే స్మోకర్‌కే అది సాధ్యం. పొగ పాప్రికా కొంత గుర్తుచేస్తుంది. లిక్విడ్ స్మోక్ (పొగ రుచి గల ద్రవం) వాడితే ఒకటిన్నర కిలోలకి అర టీస్పూన్ దాటించకండి, చేదెక్కుతుంది.

కుక్కర్ మాంసం జెలటిన్‌తో జిగురుగా, కొవ్వుగా ఉంటుంది కాబట్టి దానికి పుల్లటి సాసే బాగా నప్పుతుంది. నార్త్ కరోలినా తూర్పు ప్రాంతంలో వెనిగర్, మిరపతోనే చేస్తారు. అదే రాష్ట్రంలో లెక్సింగ్టన్ వైపు కొంచెం కెచప్ చేరుస్తారు, సౌత్ కరోలినాలో మస్టర్డ్ సాస్ పేరుపడింది. మొదటిది ఇలా: యాపిల్ సైడర్ వెనిగర్ 240 మి.లీ., బ్రౌన్ షుగర్ ఒక టేబుల్ స్పూన్, ఉప్పు, చిల్లీ ఫ్లేక్స్ ఒక్కో టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్. పంచదార కరిగేదాకా వేడిచేస్తే చాలు. వండిన కిలో మాంసానికి 100 మి.లీ. ఓవెన్ మాంసానికి చిక్కటి తీపి సాస్ కూడా సరిపోతుంది, బార్క్‌లోని మిరియం ఘాటు ఆ తీపికి తట్టుకుంటుంది.

ఒకటిన్నర కిలోల పచ్చి మాంసం వండాక 900 గ్రాముల నుంచి కిలో దాకా వస్తుంది, అంటే దాదాపు ఎనిమిది బన్‌లకి సరిపడా. ముందురోజే వండి ఉంచుకోవాలంటే కుక్కర్‌దే పైచేయి, నిల్వకి కావలసిన రసం దానితోనే వస్తుంది. రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లో సర్ది, పైన ఆ రసం పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు బాగుంటుంది. తిరిగి వేడిచేసేటప్పుడు మూతపెట్టి 74 డిగ్రీలు చేరేదాకా ఉంచి, గ్రిల్ పని అప్పుడు చేసుకోవాలి. ముందే కరకరలాడించి దాచితే ఫ్రిజ్‌లో మెత్తబడిపోతుంది.