పది ఆజ్ఞలు ఇప్పుడు ఎట్లా పాటించాలి? ఉన్నదున్నట్టా, భావమా, అసలొద్దా... ఏది మేలు?

తిరుపతిలో నాలుగో ఆజ్ఞ ఏందని అడిగితే రెండు జవాబులొస్తాయి. లూథరన్లు, క్యాథలిక్కులు తల్లిదండ్రులను సన్మానించడం అంటారు, బాప్టిస్టులేమో విశ్రాంతి దినం అంటారు. వాక్యం ఒకటే, బైబిల్లో నిర్గమకాండం 20, లెక్కపెట్టే తీరే వేరు. సరే అది పెద్ద గొడవ కాదులే. అసలు గొడవ వీటిని ఈరోజు ఎట్లా తీసుకోవాలా అని, దాంట్లో నాకు తెలిసి మూడు దారులున్నాయి.

ఒకటి, రాసింది రాసినట్టు చేయడం. రెండు, మనం మోషే ధర్మశాస్త్రం కింద లేం దేవుని కృప కింద ఉన్నాం అని పౌలు రాసిన రోమా పత్రిక 6:14 చూపించి పక్కన పెట్టేయడం. మూడోది భావం, ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1529లో తన చిన్న ప్రశ్నోత్తరిలో పట్టుకున్న దారి, అంటే వద్దు అన్నదాని వెనక ఏం చెయ్యమన్నారో కూడా చూడటం. నరహత్య వద్దంటే చంపకుంటే సరిపోదు, పక్కోడి ఒంటికి కష్టమొస్తే ఆదుకోవాల. అబద్ధసాక్ష్యం వద్దంటే ఊరికే నోరు మూసుకోవడం కాదు, పక్కోడి తరఫున నాలుగు మంచి మాటలు కూడా చెప్పాల.

రెండో దారి గురించి ఎక్కువ చెప్పను. అదే పౌలు అదే పత్రికలో 13:9లో వ్యభిచారం, నరహత్య, దొంగతనం అన్నీ మళ్ళీ వరసగా చెప్పినాడు గదా. పైగా కృప కింద ఉన్నాం అనే మనిషి బండి ఎవరైనా ఎత్తుకుపోతే అప్పుడు ధర్మశాస్త్రం బాగానే గుర్తొస్తుంది.

ఇంక మొదటిదీ మూడోదీ. విశ్రాంతి దినం తీసుకోండి. రాసింది రాసినట్టంటే అది ఏడో రోజు, శనివారం. అడ్వెంటిస్టులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా పాటిస్తారు, వాళ్ళ మాటకీ చేతకీ పొంతన ఉంది. ఆదివారం పాటిస్తా అక్షరం తప్పకూడదు అనేవాళ్ళతోనే చిక్కు. చిత్తూరు పక్క ఇంటింటికీ ఆవులు, ఆదివారమని పాలు పిండకుండా ఉంటారా, విశ్రాంతి దినాన ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకుపోరా అని యేసే అడిగినాడు (లూకా 13:15). కానీ నన్నడిగితే అసలు విషయం ద్వితీయోపదేశకాండం 5లో ఉంది, నువ్వూ ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడిగా ఉన్నావు గుర్తుపెట్టుకో, నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రాంతి తీసుకోవాల అని. అంటే ఆ మాట ముఖ్యంగా ఓనరుకి చెప్పింది! తిరుపతిలో లాడ్జిలకి శని ఆదివారాలే రష్షు, ఓనరు ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడనుకోండి, రూమ్ బాయ్‌కి మాత్రం వారంలో ఏ రోజూ లీవు లేదనుకోండి, అక్షరం లెక్కలో ఓనరు పాస్, ఆజ్ఞ లెక్కలో ఫెయిల్. అదే ఆ అబ్బాయికి జీతం కోయకుండా మంగళవారం సెలవిస్తే రోజు మారినా నేను అదే మేలంటాను.

అట్లని భావం వాళ్ళను పూర్తిగా నమ్మను. తల్లిదండ్రుల దగ్గర వీళ్ళే జారిపోతారు, మనసులో గౌరవం ఉంది గదా అని బెంగళూరు నుంచి ఆదివారం ఒక ఫోన్ కొట్టి అయిపోయిందనుకుంటారు, అమ్మ బీపీ మాత్రలకి డబ్బులు ఎవరిస్తా ఉన్నారో అడగరు. మార్కు 7లో కొర్బాను అని ఉంటుంది చూడండి, ఇది దేవునికి ఇచ్చేసినాను అని చెప్పి అమ్మానాన్నలకి పెట్టకుండా తప్పించుకోవడం, అంటే మొక్కుబడి ఆజ్ఞని అడ్డంపెట్టుకొని ఇంకో ఆజ్ఞని ఎగ్గొట్టడం. చర్చికి దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, కరెక్టుగా వేసి ఇంట్లో ముసలోళ్ళని ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిప్పేవాళ్ళకి దీనికీ తేడా ఏముందబ్బా? (తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం వాళ్ళు అర్జీ పెట్టుకునేది అక్కడి ట్రిబ్యునల్లోనే.) అందుకే ఇక్కడ అక్షరమే ముందు. తిండి, మందులు, డబ్బు ఇచ్చినాకే భావం సంగతి.

కాబట్టి నా ఓటు మూడో దారికే, కాకపోతే మొదటిది కనీసం పూర్తి చేసినాక. రాసింది చాలు అనేవాళ్ళు పదో ఆజ్ఞ ఒకసారి చదవండి. పొరుగువాని ఇల్లు ఆశించకూడదంట. పక్కోడి ప్లాటు రేటు పెరిగిందని మనం కుళ్ళుకుంటే ఏ సాక్షి చూస్తాడు, ఏ కోర్టు పట్టుకుంటుంది? లోపలికి తొంగిచూడటం లూథర్ కొత్తగా తెచ్చిపెట్టింది కాదు, ఆజ్ఞలు చెక్కిన ఆ రాతి పలకల మీదనే ఉంది.