తమియా 1/24 జీఆర్ సుప్రా: విశాఖ తేమలో కట్టి, నిలబెట్టి చూశాక

టయోటా సుప్రా కారును ఇరవై నాలుగో వంతు సైజులో ముక్కలు అతికించి, రంగు వేసి కట్టుకునే తమియా కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్ ఇది. మంచిదా కాదా అంటే జవాబు చిన్నదే: మంచిది. అచ్చు శుభ్రంగా ఉంటుంది, ముక్కకు ముక్క బిగువుగా కూర్చుంటుంది. విశాఖలో కట్టేవాళ్లకు అసలు పరీక్ష బాడీ రంగు దగ్గర మొదలవుతుంది. ఆ పరీక్షలో పాసయ్యామో లేదో బండి షెల్ఫ్‌లో కొన్ని వానాకాలాలు గడిపాక గానీ తేలదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం రంగు, దాని మీద వేసే పారదర్శక పూత (క్లియర్), తేమ గురించే.

అసలు కారు 2019లో మార్కెట్లోకి వచ్చిన ఏ90 సుప్రా, బీఎండబ్ల్యూ జెడ్4తో ప్లాట్‌ఫామ్ పంచుకున్న బండి. దాని పొడవు 4,380 మి.మీ., వీల్‌బేస్ 2,470. ఇరవై నాలుగో వంతుకు దించితే సుమారు 182, 103 మి.మీ. అవుతాయి. బానెట్ తెరుచుకోదు. ఇంజిన్ అడుగు నుంచి కనిపించే మేరకే ఉంటుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు వైర్లు, పైపులు పెట్టి మురిసిపోదామనుకునేవాళ్లు వేరే కిట్ చూసుకోవాలి. నాకైతే ఇదే నయం. బానెట్ విడి ముక్కగా ఉంటే దాన్ని బాడీతో సమంగా కూర్చోబెట్టడానికే సగం ఓపిక ఖర్చవుతుంది.

బాడీని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లలో కడిగి ఆరబెట్టండి. ఫెండర్ల మీద, ముందు అద్దం పక్క స్తంభాల వెంట సన్నటి అచ్చు గీతలు ఉన్నాయేమో లైటు కింద ఏటవాలుగా తిప్పి చూడాలి. ఉంటే 800, ఆ తర్వాత 1000 వాటర్ పేపర్ తడిపి తీసేయాలి. పైకప్పు మీద మాత్రం పేపర్ చుట్టి రుద్దే బ్లాక్ వాడొద్దు. సుప్రా టాపుకు రెండు వైపులా ఉబ్బులు, మధ్యలో పల్లం ఉంటాయి. చదునైన బ్లాక్ ఆ ఉబ్బుల నెత్తి కోసేస్తుంది. మెత్తటి స్పాంజి పేపర్‌ను వేలితో నొక్కి రుద్దితే చాలు.

తర్వాత తలుపులు, బానెట్, డిక్కీ గీతల్ని 0.15 మి.మీ. స్క్రైబర్‌తో (గీతలు చెక్కే పనిముట్టు) రెండు మూడుసార్లు తేలిగ్గా లాగి లోతు చేయాలి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు, క్లియర్ అన్నీ కలిపితే తొమ్మిది పది కోట్లు పడతాయి. వాటికింద గీత పూడుకుపోతే చివర్లో గీతల్లోకి పారించే పలుచటి నల్ల రంగు (వాష్) నిలవదు, తలుపు తలుపులా కనిపించదు. చాలామంది దాటేసే పని ఇదే.

పసుపు సుప్రా కావాలంటే ప్రైమర్ రంగే సగం ఫలితం. బూడిద ప్రైమర్ మీద తమియా స్ప్రే డబ్బా రంగు టీఎస్-16 పసుపు వేస్తే ఆకుపచ్చ ఛాయ కొడుతుంది, దాన్ని కప్పడానికి ఇంకా ఇంకా రంగు పోస్తూ పోవాలి. తమియాలోనే తెలుపు, గులాబీ ప్రైమర్లు ఉన్నాయి. గులాబీ మీద పసుపు వెచ్చగా, నిండుగా వస్తుంది. డబ్బాను 20–25 సెం.మీ. దూరంలో పట్టుకుని, మొదట రెండు పలుచటి మిస్ట్ కోట్లు, మధ్య పది పదిహేను నిమిషాలు, చివర ఒక తడి కోటు. ముందు బంపర్ కింది మూలలు, వెనక డిక్కీ చివర పైకి లేచిన అంచు (డక్‌టెయిల్) కింది వంపు మొదట కొట్టాలి. ఆఖర్లో అక్కడికి వెళ్తే పక్కనున్న చదునులో రంగు కారుతుంది.

ఇక తేమ. ఈ డబ్బాల్లో ఉండేది లాకర్ రంగు. అందులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు బాడీ పైపొర చల్లబడుతుంది. గాలిలో చెమ్మ నిండుగా ఉంటే నీరు ఆ చల్లటి పొర మీద చేరి, ఆరుతున్న రంగులో ఇరుక్కుపోతుంది. ఎండాక చూస్తే తెల్లటి మసక. డెంటింగ్ పెయింటింగ్ షెడ్ల వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. రుషికొండ, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం పక్క ఇళ్లలో జూన్ నుంచి నవంబర్ దాకా క్లియర్ జోలికి పోకపోవడమే మేలు. డిసెంబర్–ఫిబ్రవరి మధ్య, పొద్దున పదకొండు నుంచి మూడింటి లోపు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్‌లో 65 శాతం లోపు చూపిస్తే కొట్టండి. అది దాటితే డబ్బా పక్కన పెట్టేయండి.

ఏసీ గది ఉంది కదా అని ఇంకో పొరపాటు చేస్తారు. చల్లగా ఉన్న బాడీని గదిలోంచి తెచ్చి నేరుగా బాల్కనీలో స్ప్రే కొడతారు. ఏసీ కారు దిగగానే కళ్లద్దాల మీద ఆవిరి పట్టినట్టు బాడీ మీద కూడా పడుతుంది, కాకపోతే కంటికి ఆనదు. అరగంట బయటి వేడికి అలవాటు చేసి కొట్టాలి. కోటు కాస్త గట్టిపడి, వాసన తగ్గాక ఏసీ గదిలోకి మార్చితే ఆరడానికి సాయమవుతుంది. మూసిన గదిలో, గ్యాస్ పొయ్యి దగ్గర లాకర్ కొట్టకండి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ మాస్కు ఇక్కడ పనికిరాదు.

డబ్బా బదులు ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు ఊదే పనిముట్టు) వాడేవాళ్లు కంప్రెసర్‌లో నీళ్లు పట్టే వాటర్ ట్రాప్‌ను, ట్యాంకును ప్రతిసారీ ఖాళీ చేయాలి. ఇక్కడి గాలిని ఒత్తితే నీళ్లు పుడతాయి, ట్రాప్ నిండాక అవి బొట్లు బొట్లుగా నాజిల్లోంచి బాడీ మీదే పడతాయి. మసక పైపైన ఉంటే లెవెలింగ్ థిన్నర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) ఒక్కటే పలుచగా ఊదితే పొర మళ్లీ కరిగి, నీరు బయటికి పోయి తేటపడుతుంది. లోపలి కోటులో ఉంటే రుద్ది మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ధూళి ఇంకో గోల. వన్‌టౌన్ వైపు పోర్టు బొగ్గు పొడి, గాజువాక వైపు ఫ్యాక్టరీల దుమ్ము పసుపు మీద నల్ల చుక్కలై కూర్చుంటాయి. దుమ్ము అణగాలని నేల మీద నీళ్లు చల్లడం మామూలు చిట్కా. ఇక్కడ దానివల్ల తేమ ఇంకా పెరుగుతుంది. స్ప్రే అవగానే మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చేయడం దీనికంటే నయం.

క్లియర్‌కు టీఎస్-13. ఇది ఘాటైన లాకర్, నీళ్లలో నానబెట్టి అంటించే డీకాల్ స్టిక్కర్ మీద ఒకేసారి తడిగా పడితే డీకాల్ ముడతపడుతుంది, కొన్నిసార్లు కరుగుతుంది. మూడు నాలుగు పొడి మిస్ట్ కోట్ల తర్వాతే తడి కోటు. ఆపైన కనీసం రెండు వారాలు ఆగాలి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. ముక్కు దగ్గర పెడితే థిన్నర్ వాసన రాకూడదు, అదే గుర్తు. తొందరపడి పాలిష్ చేస్తే ఆరోజు అద్దంలా మెరుస్తుంది, నెలల తర్వాత క్లియర్ ఇంకా కుంచించుకుని కింది రుద్దుడు గీతలు పైకి తేలతాయి. 3000 స్పాంజితో తడి రబ్బింగ్, తర్వాత తమియా పాలిషింగ్ కాంపౌండ్: ముతక నుంచి నునుపుకు ఎరుపు మూత, నీలం మూత, తెలుపు మూత వరుస. తలుపు అంచులు, ఫెండర్ మడతల దగ్గర రంగు ముందుగా అరిగి ప్రైమర్ బయటపడుతుంది. అక్కడ మాస్కింగ్ టేపు సన్నగా అంటించి రుద్దండి. లోహపు స్టిక్కర్ల లాంటి మెటల్ ట్రాన్స్‌ఫర్ ఎంబ్లమ్‌లు పాలిష్ అంతా అయ్యాకే.

అద్దాలకు రంగు అంటకుండా కిట్‌లో ఇచ్చిన మాస్కు స్టిక్కర్లే వాడి, లోపలి వైపు నుంచి టీఎస్-29 సెమీగ్లాస్ నలుపు కొట్టాలి. పారదర్శక భాగాలకు సూపర్‌గ్లూ అసలొద్దు, దాని ఆవిరి తెల్లగా పట్టేస్తుంది. తెల్ల జిగురు చాలు. వెనక లైట్లకు ఎక్స్-27 క్లియర్ రెడ్ పలుచగా రెండు కోట్లు.

లోపలి భాగానికి అచ్చ నలుపు వేస్తే వివరాలన్నీ మింగేస్తుంది. ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్ వేసి, సీటు అంచుల్ని డ్రై బ్రష్ చేయండి (దాదాపు రంగు తుడిచేసిన బ్రష్‌తో తేలిగ్గా రుద్దడం). సీటు బెల్టులు మాస్కింగ్ టేపును 2 మి.మీ. పట్టీలుగా కోసి చేసుకోవచ్చు. టైర్ల తొక్కుడు భాగాన్ని 400 పేపర్‌తో ఒక చుట్టు రుద్దితే అచ్చు మెరుపు పోయి నడిచిన టైరులా ఉంటుంది. నల్ల ప్యానెల్ లైన్ వాష్‌ను క్లియర్ వేసిన చోటే వాడండి. బిగువుగా అతికించిన, రంగు వేయని ప్లాస్టిక్ మీద పడితే అందులోని ఎనామెల్ థిన్నర్ దాన్ని పగలగొడుతుంది. చివరగా బాడీని ఛాసిస్ మీదికి దించేటప్పుడు రెండు పక్కలా కొంచెం బయటికి వంచాలి. కింది అంచు లోపలి వైపు పేరుకున్న రంగును ముందే గీకేస్తే ఆ సమయంలో పెచ్చు లేవదు.

షెల్ఫ్‌లో ఏం మిగిలింది? పసుపు, క్లియర్ నిలిచాయి. కిటికీ ఎండ పడని చోట ఉంచడమే దానికి కారణం. కార్పెట్ కోసం తెల్ల జిగురు మీద చల్లిన సన్నటి నూగు పొడిలో (ఫ్లాకింగ్) వానాకాలంలో బూజు వచ్చింది, కాబట్టి ఇక్కడ ఫ్లాకింగ్ సిఫారసు చేయను. బయట కొని పెట్టిన, పలుచటి ఇత్తడి రేకుతో చేసిన (ఎచింగ్) సీటు బెల్టు బకిల్స్ క్లియర్ పూయని చోట నల్లబడ్డాయి. మెత్తటి టైర్లలోని నూనె గుణం ప్లాస్టిక్‌ను తినగలదు కాబట్టి యాక్రిలిక్ పెట్టె అడుగున రేకు ముక్కలు పరిచి వాటి మీద చక్రాలు నిలిపాను. అడుగున మచ్చలు పడలేదు. పెట్టెలో తేమ పీల్చడానికి వేసే సిలికా జెల్ మాత్రం రంగు మారగానే తీసి వేడిచేసి మళ్లీ వేయాలి, జూలై ఆగస్టుల్లో అది త్వరగా నిండిపోతుంది.