మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఇంటి ఐఎన్ఆర్ మీటర్: కోయాగుచెక్ ఎక్స్ఎస్ ఎంతవరకు నమ్మొచ్చు?

గుండెలో మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) ఉంటే, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం తప్పదు. కొత్త తరం మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్ దీనికి బదులు కాదని 2013లో వెలువడిన రీ-అలైన్ పరిశోధన తేల్చింది. అందులో డాబిగాట్రాన్ వాడినవాళ్లకి రక్తపు గడ్డలూ ఎక్కువే ఏర్పడ్డాయి, రక్తస్రావమూ ఎక్కువే అయింది. వార్ఫరిన్ ఉన్నన్నాళ్లూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో అంకెలో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షా ఉంటుంది. రోష్ కంపెనీ కోయాగుచెక్ ఎక్స్ఎస్ ఆ పరీక్షని వేలి చివర నుంచి తీసిన ఒక్క చుక్కతో, సుమారు నిమిషంలో చేస్తుంది.

ఈ మీటర్ రక్తం గడ్డకట్టేదాకా చూడదు. స్ట్రిప్‌లోని థ్రాంబోప్లాస్టిన్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థం) తగలగానే రక్తంలోని ప్రోథ్రాంబిన్ అనే ప్రోటీన్, గడ్డ కట్టించే థ్రాంబిన్‌గా మారడం మొదలవుతుంది. ఆ థ్రాంబిన్ స్ట్రిప్‌లో ఉన్న ఒక పదార్థాన్ని తెంచినప్పుడు చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. అది ఎంత ఆలస్యంగా వస్తే ఐఎన్ఆర్ అంత ఎక్కువ. వాల్వ్ మీద గడ్డ కట్టించేదీ ఈ థ్రాంబినే కాబట్టి, కొలత సరైన చోటే జరుగుతోందన్నమాట.

తప్పుడు రీడింగుల్లో చాలావాటికి కారణం చుక్క తీసే తీరు. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. వేలి మీద తడి మిగిలితే రక్తం పలచబడుతుంది. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, వేలి మొదలు నుంచి చివరికి మెల్లగా నిమిరి, కొసకి పక్కగా లాన్సెట్‌తో (చిన్న సూదితో) గుచ్చండి. ముందే స్ట్రిప్ పెట్టి, మీటర్ సిద్ధంగా ఉంచుకోవాలి, ఎందుకంటే గుచ్చిన 15 సెకన్లలోపు మొదటి చుక్క స్ట్రిప్ మీద పడాలి. కనీసం 8 మైక్రోలీటర్లు కావాలి. చాలలేదని పైన రెండో చుక్క వెయ్యకండి. ఆ స్ట్రిప్ పారేసి, కొత్త స్ట్రిప్‌తో వేరే వేలు గుచ్చుకోవడమే మార్గం. రక్తం రాలేదని వేలు గట్టిగా పిండినా కొలత చెడుతుంది. కణజాలంలోని ద్రవం రక్తంలో కలిసి, గడ్డకట్టే ప్రక్రియ స్ట్రిప్ మీద పడకముందే మొదలైపోతుంది.

స్ట్రిప్‌లని 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి, డబ్బా మూత వెంటనే బిగించాలి. ప్రతి కొత్త డబ్బాతో వచ్చే కోడ్ చిప్‌ని మీటర్‌లో మార్చి, నంబర్ సరిపోయిందో లేదో చూసుకోవాలి. ప్రతి స్ట్రిప్‌లోనూ సొంత నాణ్యతా పరీక్ష ఉండడం ఈ మీటర్‌లో మాకు బాగా నచ్చిన సంగతి. ఎండకో తేమకో పాడైన స్ట్రిప్‌ని మీటరే తిరగ్గొడుతుంది.

ఇక నమ్మకం మాట. ఐఎన్ఆర్ 2 నుంచి 4 మధ్య ఉన్నప్పుడు ల్యాబ్‌తో 0.5 లోపు తేడా ఉంటే కంగారు అక్కర్లేదు. వేరే ముప్పులేవీ లేని అయోర్టిక్ వాల్వ్‌కి సాధారణంగా 2.5, మైట్రల్ వాల్వ్‌కి 3 లక్ష్యం కాబట్టి, ఈ మీటర్ బాగా పనిచేసే పరిధిలోనే రోగులకి అవసరం కూడా ఉంది. అంతకు పైన జాగ్రత్త. 2018లో కొన్ని బ్యాచ్‌ల స్ట్రిప్‌లు 4.5 దాటిన చోట ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయని కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ 4.5 పైన వస్తే నరం నుంచి రక్తం తీయించి ల్యాబ్‌లో సరిచూసుకోమనే చెబుతాం. మీటర్ కొన్నప్పుడు కూడా ఒకసారి ల్యాబ్ పరీక్షా, మీటర్ పరీక్షా ఒకే పూట చేయించి పోల్చి పెట్టుకోండి.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 25 శాతం కంటే తక్కువైనా, 55 దాటినా ఈ మీటర్ పనికిరాదు. కుట్ల పక్కనుంచి వాల్వ్ లీకై ఎర్రకణాలు పగులుతున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ (గడ్డకట్టే పరీక్షల్ని తప్పుదారి పట్టించే ఒక రకం యాంటీబాడీ) ఉన్నవాళ్లలో ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపించవచ్చు. వాళ్లు ల్యాబ్‌నే నమ్ముకోవడం మంచిది.

మీటర్ చేతిలో ఉంది కదా అని రోజూ కొలిచి, రోజూ మాత్ర మార్చే అలవాటు మాత్రం చాలా ప్రమాదం. వార్ఫరిన్ మొదలయ్యాక, గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటైన ఏడో ఫ్యాక్టర్ కొన్ని గంటల్లోనే సగానికి పడిపోయి ఐఎన్ఆర్‌ని ముందే పెంచేస్తే, ప్రోథ్రాంబిన్ సగమవడానికి రెండున్నర రోజులు పడుతుంది. అందుకే వార్ఫరిన్ మొదలుపెట్టిన మూడో రోజే 2.5 కనిపించినా వాల్వ్‌కి పూర్తి రక్షణ వచ్చినట్టు కాదు, డాక్టర్ చెప్పేదాకా హెపారిన్ (గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఆపకూడదు. డోసు మారిస్తే దాని ఫలితం పూర్తిగా తెలియడానికి చాలా రోజులు పడుతుంది. ఐఎన్ఆర్ నిలకడగా ఉన్నవాళ్లకి వారానికో పరీక్ష చాలు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్స్ మొదలుపెడితే మాత్రం మూడు నాలుగు రోజుల్లోనే కొలిచి, వచ్చిన అంకె డాక్టర్‌కి చెప్పి, డోసు సంగతి ఆయనకే వదిలెయ్యండి.