తక్కువ సోడియం ఉప్పు: పప్పులో సరే, మజ్జిగలో దొరికిపోతుంది

అత్తయ్యగారి బీపీ కోసం తక్కువ సోడియం ఉప్పుకి మారాం. పప్పు, పులుసు, చారు, దేంట్లోనూ ఎవరూ తేడా పట్టలేదు, ఉప్పు పిసరంత అటూఇటూ అయినా కంచం ముందే చెప్పేసే మామయ్యగారితో సహా. మజ్జిగలో మాత్రం దొరికిపోయింది. గుక్క మింగాక నాలుక మీద సన్నటి చేదు నిలబడుతుంది. సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి కలిపే పొటాషియం క్లోరైడ్ మహిమ అది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఒకటి మజ్జిగకి కోత. ధర మామూలు ఉప్పు కంటే బాగానే ఎక్కువ. కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి, సోడియం 15 శాతమే తగ్గినవీ ఉన్నాయి, 30 శాతం తగ్గినవీ ఉన్నాయి.

నన్ను దీనివైపు లాగింది చైనా. అక్కడ దక్షిణాది కంటే ఉత్తరాదిన పక్షవాతం ఎక్కువ. ఉప్పు వాడకం, బీపీ కూడా అటే ఎక్కువ. చలికాలమంతా ఉప్పులో ఊరేసిన కూరలు తినడం వాళ్ల పాత అలవాటు. ఆ ఉత్తరాది పల్లెలు 600 తీసుకుని, సుమారు 21 వేల మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అందరూ ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లో, 60 దాటి బీపీ ఎక్కువున్నవాళ్లో. సగం పల్లెలకి మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి ఇచ్చారు. ఐదేళ్లు తిరిగేసరికి, మామూలు ఉప్పే వాడిన మిగతా సగంతో పోలిస్తే అక్కడ పక్షవాతాలు 14 శాతం తక్కువ.

ఆ పల్లెల్లో ఉప్పు పడేది చాలావరకు వంటింట్లోనే కాబట్టి డబ్బా మారిస్తే పని జరిగింది. అమెరికాలో మా ఆడపడుచు ఇంట్లో అంత జరగదు. అక్కడ బ్రెడ్డు, చీజ్, ప్యాకెట్ తిండిలో ముందే కలిసి వస్తుంది. మరి మాకు? డబ్బా మారింది గానీ ఆవకాయ, అప్పడాలు, చల్లమిరపకాయలు మారలేదుగా! ఆవకాయలో ఈ ఉప్పు వేద్దామనే ధైర్యం నాకు లేదు, అత్తయ్యగారి ఎదుట అసలే లేదు. చెప్పగా చెప్పగా ఊట కలుపుకోవడం మానేసి ముక్క నంజుకుంటున్నారు.

అత్తయ్యగారు బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు, అది ఒంట్లో పొటాషియం పెంచగల మాత్ర. అందుకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించి, డాక్టరు సరేనన్నాకే ప్యాకెట్ విప్పాం. కిడ్నీ జబ్బున్నవాళ్లు, స్పైరోనోలాక్టోన్ లాంటి, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే మాత్రలు వాడేవాళ్లు దీని జోలికి పోకూడదు. చైనాలో కూడా అలాంటివాళ్లని చేర్చుకోలేదు. మేం కొన్న ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉంది, కళ్లజోడు పెట్టుకుని వెతికితే.