తెలుగు తరగతిలో రాతపరీక్ష, ప్రాజెక్టు పని, పోర్ట్‌ఫోలియో: ఏది మేలు?

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడికి పిల్లల భాషను కొలవడానికి ఇవాళ మూడు సాధనాలు అందుబాటులో ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసిన రాతపరీక్ష. రెండోది పాఠం చివర 'ప్రాజెక్టు పని' అన్న శీర్షిక కింద కనిపించేది. మూడోది పిల్లలు ఏడాది పొడవునా రాసినవాటిని చిత్తుప్రతులతో సహా ఒకచోట దాచి ఉంచే పోర్ట్‌ఫోలియో. విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షనులో నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి చెప్పిన తరవాత చివరి రెండింటికీ అధికారిక గౌరవం వచ్చింది. తెలంగాణ పదో తరగతిలో 2014-15 నుంచి 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 బడిలో వేసే అంతర్గత మార్కులకు కేటాయించారు; ఆంధ్రప్రదేశ్ కొంత ఆలస్యంగా అదే బాట పట్టి, 2019లో ఆ ఇరవై మార్కులను తీసివేసింది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2024 నవంబరులో వాటిని ఎత్తివేస్తున్నట్లు ప్రకటించి, ఆ విద్యాసంవత్సరానికి మాత్రం పాత పద్ధతినే ఉంచింది. ఈ ఊగిసలాటను అర్థం చేసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇరవైకి ఇరవై పంచిపెట్టే బడి పక్కనే నిజాయితీగా పధ్నాలుగు వేసే బడి ఉంటే, నష్టపోయేది రెండో బడి పిల్లలే.

రాతపరీక్షకున్న బలం కూడా ఇక్కడే ఉంది. ప్రశ్న అందరికీ ఒకటే, సమయం ఒకటే, జవాబుపత్రం దిద్దే ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడు ఎవరో తెలియదు. అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగితే, చదివి అర్థం చేసుకునే శక్తి ఎంతో కొంత బయటపడుతుంది. అయితే భాషానైపుణ్యాలు నాలుగని బి.ఎడ్.లో నేర్చుకున్న మనం, వినడాన్నీ మాట్లాడటాన్నీ పూర్తిగా వదిలేసి మిగిలిన రెండింటితోనే తీర్పు చెబుతున్నాం. ఆ రెండింటిలోనూ రాయడం సగం బట్టీయే. 'మిత్రునికి లేఖ' ప్రశ్న దిద్దిన వారెవరికైనా ఇది అనుభవమే: నలభై పత్రాల్లో ముప్పయ్యయిదు 'నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను' అని మొదలవుతాయి. ఫోనులో రోజుకు పదిసార్లు మాట్లాడుకునే ఈ పిల్లలు అలా ఎవరికీ రాయరు, అలా ఎవరితోనూ మాట్లాడరు. ఆ వాక్యం గైడులోంచి వచ్చి జవాబుపత్రంలోకి వెళ్తుంది, పిల్లవాడి భాషతో దానికి సంబంధం లేదు.

ఈ లోటును తీర్చాల్సింది ప్రాజెక్టు పని. 1918లో అమెరికన్ విద్యావేత్త విలియం హెర్డ్ కిల్పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు, పిల్లలు తమకు పట్టిన పనిని మనసు పెట్టి చేయడమే దాని ప్రాణమన్నాడు. మన బడుల్లో జరుగుతున్నది వేరు. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (పాఠాలు సాగుతుండగానే బడిలో జరిపే మదింపులు), ఒక్కోదానికి సబ్జెక్టుకొక ప్రాజెక్టు, ఆరు సబ్జెక్టులు అనుకుంటే, ఒక విద్యార్థి ఏడాదిలో చేయాల్సినవి ఇరవైనాలుగు. ఇన్నింటిని మనసు పెట్టి చేయడం పెద్దవాళ్లకే సాధ్యం కాదు. అందుకే నెట్ సెంటరువారు ప్రింటు తీసి ఇస్తారు, అన్నయ్య అక్షరాలు దిద్దుతాడు, అమ్మ బొమ్మలు అతికిస్తుంది, మార్కు చార్టు అందానికి పడుతుంది.

అలాగని ప్రాజెక్టును తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. అందుకు కారణం, నేను ఎనిమిదో తరగతికి ఇచ్చిన ఒక పని. బడిలో సగం మందివి చేనేత కుటుంబాలు. నలుగురేసి జట్లుగా చేరి, మగ్గం పనిలో వాడే ముప్పై మాటలను పనిచేసేవారి నోటి నుంచే సేకరించి, అర్థాలు రాసి తీసుకురమ్మన్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వృత్తిపదకోశాల కోసం భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలను, ఆ తరవాత చేనేత పదాలను సేకరింపజేసింది ఇలా ఊళ్లు తిరిగి అడిగించే. ఒక జట్టు రంగుల చార్టు తెచ్చింది, దాని మీద 'చేనేత మన సంస్కృతికి ప్రతీక' అన్న వ్యాసం ఉంది. 'ప్రతీక అంటే ఏమిటి?' అని అడిగితే నలుగురూ తలలు దించుకున్నారు. మరో జట్టు తెచ్చింది నలిగిన నాలుగు కాగితాలు. అందులో 'నాడె' దగ్గర అర్థం రాయలేదు. అడిగితే, ఆ పిల్ల చేయి గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ, 'నాడెల కండె పెడ్తరు సార్, ఇట్ల విసిరితే పడుగు నడుమల నుంచి పేక పోతది' అంది (కండె అంటే నూలు చుట్టిన గొట్టం, పడుగు నిలువు దారాలు, పేక అడ్డ దారాలు). నిఘంటువులో అంతకంటే స్పష్టమైన అర్థం దొరకడం కష్టం. చార్టును చూసి మార్కు వేసి ఉంటే మొదటి జట్టుకే ఎక్కువ వచ్చేది.

కాబట్టి ప్రాజెక్టులో కొలవదగింది తెచ్చిన కాగితం కాదు, దాని మీద జరిగే సంభాషణ. దానికి పట్టే సమయాన్ని లెక్క వేసి చూడవలసిందే. నలభై మందిని విడివిడిగా అయిదేసి నిమిషాలు అడిగితే 200 నిమిషాలు, అంటే 45 నిమిషాల పీరియడ్లు దాదాపు నాలుగున్నర. పది జట్లను పదేసి నిమిషాలు అడిగితే రెండున్నర పీరియడ్లలో ముగుస్తుంది. ఏడాదికి ఒక్క ప్రాజెక్టయితే ఇది భరించదగిన ఖర్చే, నాలుగైతే సిలబస్ పూర్తికాదు. మాండలికం విషయంలో కూడా ముందే తేల్చుకోవాలి. సేకరణలో వక్త మాటను ఉన్నదున్నట్లు రాయాలి, నివేదిక మాత్రం ప్రామాణిక రచనా భాషలో ఉండాలి. ఈ తేడా చెప్పకుండా 'పోతది'ని ఎర్ర సిరాతో కొట్టేస్తే, ఆ పిల్ల రెండోసారి నోరు విప్పదు.

పోర్ట్‌ఫోలియోకు ఇంత హంగామా అక్కరలేదు. రాత పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. కావలసిందల్లా ఒకే వ్యాసానికి మొదటి చిత్తు, ఉపాధ్యాయుడి సూచన, తిరగరాసిన ప్రతి మూడూ కలిపి ఉంచడం. జూన్‌లో 'మా ఊరు చాలా బాగుంటుంది' అని ఆగిపోయిన పిల్లవాడు డిసెంబరులో చెరువు కట్ట మీది తాటిచెట్లను లెక్కపెట్టి రాశాడంటే, ఆ ఎదుగుదలను ఏ రాతపరీక్షా చూపలేదు. 2020 జాతీయ విద్యావిధానం సమగ్ర ప్రగతి పత్రంలో పోర్ట్‌ఫోలియోలకు, విద్యార్థుల స్వీయ మూల్యాంకనానికి చోటు కల్పించమన్నది ఇందుకే. దీని బలహీనత కూడా చిన్నదేమీ కాదు: మొదటి చిత్తు తరగతి గదిలో, ఉపాధ్యాయుడి కళ్ల ముందు రాయించకపోతే అది ఎవరి రాతో తేల్చుకోలేం. పైగా ఒక బడి పోర్ట్‌ఫోలియోను మరో బడిదానితో పోల్చడానికి ఉమ్మడి కొలబద్ద లేదు.

విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల వారాంతపు తరగతుల్లో లెక్క మారుతుంది. అక్కడి అవసరం అమ్మమ్మతో ఫోనులో మాట్లాడగలగడమే కనుక, వంటింటి మాటలు అడిగి తెలుసుకునే చిన్న ప్రాజెక్టు వారికి రాతపరీక్ష కంటే ఎక్కువ పనికొస్తుంది.

మన బడుల సంగతికి వస్తే, ధ్రువపత్రం మీదికెక్కే మార్కులకు రాతపరీక్షే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇరవై మార్కులు చేతిలో పెట్టి ఉపాధ్యాయుణ్ణి ప్రలోభానికి గురిచేయడం న్యాయం కాదు. ఆరు నుంచి తొమ్మిది వరకు మాత్రం పోర్ట్‌ఫోలియోకే నా మొదటి ఓటు. అదనపు పీరియడ్లు అడగదు, రాయడం నేర్పుతూనే కొలుస్తుంది. ప్రాజెక్టు ఏడాదికి ఒకటి చాలు, అదీ ఊళ్లోకి వెళ్లి మనిషిని అడిగి తెలుసుకునేదై ఉండాలి. వచ్చే జూన్‌లో నేను ఇవ్వబోయే పనికి పది మార్కులను ఇలా విడదీసుకున్నాను: సేకరణకు మూడు, నివేదికకు మూడు, తరగతి ముందు ఇచ్చే జవాబులకు నాలుగు. ఈసారి కుమ్మరి సారె దగ్గరికి పంపాలనుకుంటున్నాను.