పాత అగ్గిపెట్టె లేబుళ్లు విదేశాలకు పంపేవాళ్లకు ఐటీపీఎస్ పనికొస్తుందా? నా రివ్యూ

నేను హనుమకొండలో ఉంటూ పాత అగ్గిపెట్టె లేబుళ్లు, ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజే ముద్ర వేసిన కవర్లు), పిక్చర్ పోస్టుకార్డులు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఒక్కో ఆర్డరు ఐదారు వందలు, బాగా మంచి సెట్ అయితే వెయ్యి రూపాయలు పలుకుతుంది. అంతకు మించి పలికేవి అరుదు. కొనేవాళ్లలో ఎక్కువమంది జర్మనీ, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఉన్నారు. ఇంత తక్కువ ధర సరుకును అంత దూరం పంపాలంటే ఏ సర్వీసు వాడాలని కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు తరచూ అడుగుతుంటారు. నేను వాడేది ఇండియా పోస్ట్ వారి ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్ సర్వీస్, అంటే ఐటీపీఎస్. దాని గురించి వివరంగా రాస్తున్నాను.

ముందు సరుకు గురించి కొంచెం చెప్పాలి. మన దేశంలో అగ్గిపెట్టెలంటే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, గుడియాత్తం. ఆ ఊళ్లలో చిన్నా పెద్దా కంపెనీలు ఏళ్ల తరబడి వేసిన లేబుళ్ల మీద లేని బొమ్మంటూ లేదు. పులి, ఏనుగు, గులాబీ, క్రికెట్ బ్యాటు, రాకెట్, ట్రాక్టరు అన్నీ ఉంటాయి. ధర కూడా పెట్టె మీదే అచ్చవుతుంది కాబట్టి దాన్ని చూసి ఏ కాలానిదో చెప్పొచ్చు. చాలా ఏళ్లు రూపాయి దగ్గరే ఆగిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. అందుకే రూపాయి ముద్ర ఉన్న లేబుళ్లకు ఇప్పుడు విడిగా గిరాకీ ఉంది. చెక్కపెట్టెల కాలం నాటివైతే ఇంకా ఎక్కువ. ఇక్కడ చెత్తలో పడేసే ఆ ముక్కను అక్కడ ఒకాయన ఆల్బమ్‌లో దాచుకుంటాడు. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. అందుకే పంపే పద్ధతి సరిగ్గా ఉండాలని పట్టుబడతాను.

ప్రైవేటు అంతర్జాతీయ కొరియర్‌లో పంపితే సరుకు విలువకు రెండు మూడు రెట్లు చార్జీ పడుతుంది. స్పీడ్ పోస్ట్ ఇంటర్నేషనల్, అంటే ఈఎంఎస్, వేగంగా వెళ్తుంది కానీ ఇంత చిన్న కవరుకు అది కూడా ఎక్కువే. మామూలు ఉత్తరంలా పంపితే నంబరు ఉండదు. అందలేదని కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మనం అమ్మే వెబ్‌సైటు వాళ్లకు మనం మంచివాళ్లమా కాదా అన్నది అక్కర్లేదు, ట్రాకింగ్ నంబరే కావాలి. ఐటీపీఎస్ ఈఎంఎస్‌కూ మామూలు ఉత్తరానికీ నడుమ ఉంటుంది. చార్జీ ఈఎంఎస్ కంటే తక్కువ, నంబరు ఉంటుంది. పదమూడు అక్షరాల నంబరు 'ఎల్'తో మొదలై 'ఐఎన్'తో ముగుస్తుంది. అదే నంబరుతో అవతలి దేశపు పోస్టు సైట్‌లో కూడా వెతకొచ్చు.

చార్జీ దేశాన్ని బట్టి, బరువును బట్టి మారుతుంది. ఇండియా పోస్ట్ సైట్‌లో లెక్క కట్టే పేజీ ఉంది. అందులో చూశాకే నేను ధర పెడతాను. మన పని మొత్తం గ్రాముల మీద నడుస్తుంది కాబట్టి ఇంట్లో ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోవడం తప్పనిసరి. ఒక అట్టముక్క ఎక్కువైతే చాలు, బరువు స్లాబ్ మారి చార్జీ పెరిగిపోతుంది.

అసలు విషయం పోస్టేజీ కాదు, ఫారం. 2021 జనవరి 1 నుంచి వస్తువులున్న ప్రతి ప్యాకెట్‌కూ వివరాలు ముందుగానే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెళ్లాలని యూనివర్సల్ పోస్టల్ యూనియన్ తప్పనిసరి చేసింది. కవరు విమానం ఎక్కకముందే అందులో ఏముందో అవతలి కస్టమ్స్‌కు తెలియాలి. మన సరుకుకు సీఎన్ 22 అనే చిన్న కస్టమ్స్ ఫారం సరిపోతుంది. ఎక్కువ విలువ ఉంటే సీఎన్ 23 కావాలి, మనకు ఆ అవసరం దాదాపు రాదు. ఇందులో వస్తువు వివరం రాసే గడిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. దయచేసి అలా చేయకండి.

అగ్గిపెట్టె లేబుళ్లు పంపేవాళ్లు 'మ్యాచ్‌బాక్స్' అని ఒక్క మాట రాసి వదిలేస్తే అందులో అగ్గిపుల్లలు ఉన్నాయేమోనన్న అనుమానం వస్తుంది. అగ్గిపుల్లలు పోస్టులో నిషిద్ధం, విమానానికి ప్రమాదం. అనుమానం వచ్చిన కవరు ఆగిపోతుంది, కొన్నిసార్లు వెనక్కి వస్తుంది. నేనైతే 'యూజ్డ్ పేపర్ లేబుల్స్ ఫర్ కలెక్షన్, నో మ్యాచెస్' అని ఇంగ్లిష్‌లో పూర్తిగా రాస్తాను. ఖాళీ పెట్టె పంపాల్సి వస్తే పక్కన మందు పూసిన గీతను కూడా గమనించండి. నేను పెట్టెను విప్పి, పరిచి, లేబుల్ ఉన్న భాగాన్నే పంపుతాను. సేకరించేవాళ్లకు కూడా అదే ఇష్టం.

హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే నంబరు, అడుగుతారు. తపాలా బిళ్లలకు, ఫస్ట్ డే కవర్లకు 9704. పిక్చర్ పోస్టుకార్డులకు 4909. కాగితం లేబుళ్లకు 4821. ఇవి ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకుంటే కౌంటర్‌లో ఉన్నవాళ్లకూ పని సులువవుతుంది, మీకూ టెన్షన్ తగ్గుతుంది.

విలువ తగ్గించి రాయమని కొందరు కొనుగోలుదారులు అడుగుతారు, 'గిఫ్ట్' అని టిక్ పెట్టమని కూడా. నేను ఒప్పుకోను. అమ్మిన వస్తువు బహుమతి కాదు. కవరు పోతే మనం రాసిన విలువకు మించి ఎవరూ మాట్లాడరు. పైగా వెబ్‌సైట్‌లో అమ్మిన ధర బహిరంగంగా కనిపిస్తూనే ఉంటుంది. అర్థమయ్యేలా మర్యాదగా చెప్తే చాలామంది వింటారు. వినకపోతే ఆ ఆర్డరు వదులుకోవడమే మంచిది.

వ్యాపారంగా పంపేవాళ్లకు ఐఈసీ అనే ఎగుమతి కోడ్ కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) సైట్‌లో 500 రూపాయలు కట్టి ఇంటి నుంచే తీసుకోవచ్చు. ఆ తర్వాత డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రం) పోర్టల్‌లో ఖాతా తెరవాలి. 2022 చివర్లో కస్టమ్స్ నిబంధనలు మారాక పోస్టు ద్వారా ఎగుమతికి కావలసిన కస్టమ్స్ పత్రం, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్‌ను, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఈ కేంద్రాలు దేశమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. ఫారిన్ పోస్టాఫీసు ఉన్న పెద్ద నగరానికి మనం వెళ్లాల్సిన పని లేదు. నా దృష్టిలో ఈ సర్వీసులో అన్నిటికంటే మంచి భాగం ఇదే. వరంగల్, కడప, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో కూర్చున్న మనిషికి కూడా ముంబై వ్యాపారితో సమానంగా దారి తెరిచింది. ఇంట్లోనే లేబుల్ ప్రింట్ తీసి అంటించి ఇస్తే కౌంటర్‌లో పని త్వరగా అయిపోతుంది.

ఏం పంపకూడదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే కొత్తవాళ్లు ఇరుక్కుంటారు. నాణేలు, నోట్లు ఇలాంటి మామూలు ప్యాకెట్లలో పెట్టకూడదు. అందుకే నేను నాణేల జోలికి వెళ్లను. ఎంత గిరాకీ ఉన్నా సరే. రెండోది వయసు. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లే. వాటిని మనలాంటి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. నిజాం రాజ్యపు స్టాంపులు 1869 నుంచీ ఉన్నాయి. హైదరాబాద్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు పదేపదే అడుగుతారు. నూరేళ్లకు దగ్గరగా ఉన్నది ఏదైనా సరే నేను దేశంలోపలే అమ్ముతాను. అనుమానం ఉంటే పురావస్తు సర్వే వాళ్ల దగ్గర ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకునే వీలుంది. కానీ ఆరు వందల రూపాయల సరుకుకు అంత శ్రమ ఎవరూ పడలేరు.

ఇక అమెరికా. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం ఉండదన్న మినహాయింపే మనలాంటి వాళ్లను ఇన్నాళ్లూ నిలబెట్టింది. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా దాన్ని అన్ని దేశాలకూ తీసేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్న స్పష్టత లేక విమానాలవాళ్లు పోస్టు సంచులు తీసుకోవడానికి వెనకాడారు. ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచి అమెరికా బుకింగ్‌లు ఆపింది. న్యూజెర్సీలో ఉండే ఒక తెలుగాయన తెలుగువాళ్ల మీద వచ్చిన స్టాంపులు మాత్రమే సేకరిస్తాడు. 1972 నాటి వేమన, 1986 నాటి అల్లూరి సీతారామరాజు ఫస్ట్ డే కవర్లు ఆయన కోసం ప్యాక్ చేసి ఉంచాను. అవి దసరా దాటేదాకా నా బీరువాలోనే ఉన్నాయి. "తొందరేం లేదండీ, దారి తెరిచాకే పంపండి" అన్నాడాయన. అందరూ అలా ఆగలేరు కదా. అడిగిన వాళ్లకు డబ్బు వెనక్కి పంపాను.

అక్టోబరు 15న బుకింగ్‌లు మళ్లీ మొదలయ్యాయి, కొత్త పద్ధతితో. సుంకం ఇక్కడే, బుక్ చేసేటప్పుడే, మనమే కట్టాలి. అప్పటి రేటు ప్రకటించిన విలువ మీద 50 శాతం. పది డాలర్ల లేబుళ్ల సెట్ అనుకోండి, ఐదు డాలర్లు సుంకానికే పోయాయి. పోస్టేజీ కలిపితే సరుకు కంటే ఖర్చే ఎక్కువ. కాకపోతే ఈ వసూలు పనికి ఇండియా పోస్ట్ అదనంగా ఏమీ తీసుకోలేదు. కొన్నవాళ్ల గుమ్మం దగ్గర పోస్ట్‌మ్యాన్ డబ్బు అడగడు. నాకు ఇది పెద్ద ఊరట. ఆ రేటు ఎప్పటికీ అలాగే ఉండేది కాదు, అందుకే ప్రతిసారీ బుక్ చేసే రోజు ఎంత ఉందో అడిగి తెలుసుకున్నాకే పంపండి. ఇప్పుడు అమెరికాకు నేను విడి లేబుల్ అమ్మను. కనీసం యాభై అరవై లేబుళ్ల కట్ట అయితేనే తీసుకుంటాను. సుంకం విలువ మీద పడుతుంది కాబట్టి కట్ట కట్టినా అది తగ్గదు. కానీ పోస్టేజీ మాత్రం ఒక్కసారే.

ప్రైవేటు దారి కూడా చూశాను. ఒక కొరియర్ సంస్థలో పంపితే, జర్మనీలో కొన్నావిడ దగ్గర పన్ను మాత్రమే కాకుండా ఆ పన్ను కట్టిపెట్టినందుకు సేవా రుసుము కూడా వసూలు చేశారు. ఆ రుసుము నా పోస్టుకార్డుల ధర కంటే ఎక్కువ. ఆవిడ మర్యాదగానే రాసింది, కానీ మళ్లీ కొనలేదు. చిన్న సరుకుకు అలాంటి రుసుము చావుదెబ్బ.

యూరప్ సంగతి క్లుప్తంగా చెప్తాను. 2021 జూలై 1 నుంచి ఎంత చిన్న వస్తువుకైనా వ్యాట్ ఉంది. వెబ్‌సైటు అమ్మకం దగ్గరే వ్యాట్ వసూలు చేస్తే, ఆ సంగతి చూపే ఐఓఎస్ఎస్ నంబరు ఇస్తుంది. దాన్ని బుకింగ్ వివరాల్లో తప్పకుండా ఎక్కించాలి. కవరు మీద పెన్నుతో రాస్తే లాభం లేదు. ఎక్కించకపోతే కొన్నవాళ్లు రెండుసార్లు పన్ను కడతారు. 2026 జూలై 1 నుంచి 150 యూరోల లోపు సరుకు మీద కూడా 3 యూరోల స్థిర సుంకం వేయాలని యూరోపియన్ యూనియన్ నిర్ణయించింది. ఆ మూడు యూరోలు చీరల వ్యాపారికి లెక్కలోకి రాకపోవచ్చు, మనకు వస్తాయి. ఇంగ్లండ్‌కు 135 పౌండ్ల లోపు, ఆస్ట్రేలియాకు 1000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు పన్ను సంగతి పెద్ద వెబ్‌సైట్లే చూసుకుంటాయి. ఆ రెండు దేశాలకూ పంపడం నాకు చాలా సుఖంగా ఉంది.

ప్యాకింగ్ గురించి అడుగుతారు కాబట్టి: లేబుళ్లు గ్లాసిన్ (నునుపైన పలచని కాగితం) కవర్లో, దాని మీద ప్లాస్టిక్ స్లీవ్, రెండు వైపులా పలచని గట్టి అట్ట. అట్టను స్లీవ్‌కు టేపుతో నాలుగు మూలలా మాత్రమే పట్టించండి. టేపు చుట్టలు చుట్టలుగా వేయకండి. కస్టమ్స్ వాళ్లు తెరిచి చూసే హక్కు ఉన్నవాళ్లు, వాళ్లు బ్లేడు పెట్టాల్సి వస్తే లోపలి కాగితం కూడా తెగుతుంది. వానాకాలంలో స్లీవ్ నోరు మూసి తీరాలి. కవరు మీద అందమైన పాత స్టాంపులు అంటించమని కొందరు కోరతారు. కౌంటర్‌లో ఒప్పుకుంటే చేస్తాను, ఎందుకంటే వాళ్లకు ఆ కవరు కూడా సేకరణే.

లోపాలు ఉన్నాయి. ఐటీపీఎస్ అన్ని దేశాలకూ లేదు. లేని దేశాలకు ఈఎంఎస్ లాంటి వేరే దారి చూసుకోవాలి, కాబట్టి అమ్మకానికి పెట్టకముందే దేశాల జాబితా చూసుకోండి. కవరు మన దేశం దాటాక అవతలి దేశంలో మొదటి స్కాన్ పడేదాకా ట్రాకింగ్‌లో ఏమీ కదలదు. ఆ మౌనానికి కొన్నవాళ్లు కంగారుపడతారు. నేను ఆర్డరు వచ్చిన రోజే ఈ విషయం రాసి పంపుతాను, అప్పటి నుంచి కంగారు మెసేజ్‌లు బాగా తగ్గాయి. ఎప్పుడు చేరుతుందో ఖచ్చితంగా చెప్పలేం, పెళ్లిరోజు కానుకలాంటివి దీంట్లో పంపొద్దు. మరో సంగతి, బుకింగ్ చేసే అందరికీ ఈ సర్వీసు ఒకేలా అలవాటు ఉండదు. పోర్టల్‌లో అంతా నింపి, ప్రింట్ తీసుకుని వెళ్లడమే మేలు.

నా మార్కులు: ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు ఐదుకు నాలుగున్నర. యూరప్‌కు నాలుగు, కొత్త సుంకం వచ్చాక మళ్లీ చూడాలి. అమెరికాకు ఇప్పటికి మూడు, అది పోస్టువాళ్ల తప్పు కాకపోయినా కొనేవాళ్లకు పడే ఖర్చు నిజమే కదా. ఐదు వందల సరుకు అమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. న్యూజెర్సీ ఆయన ఇప్పుడు అల్లూరి మీద ఇంకేమైనా కవర్లు ఉన్నాయా అని అడుగుతున్నాడు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మంచి ధర ఇస్తాను.