యాప్ ఉన్నా సరే, మా టీమ్ స్కోర్ బుక్ వదల్లేదు (చాలా ఏళ్ళు వాడాక రాస్తున్నా)

క్రికెట్‌లో కాగితం స్కోర్ బుక్‌కి ఈ రోజుల్లో రివ్యూ ఏంటి అనిపించొచ్చు, అందరి ఫోన్లలోనూ స్కోరింగ్ యాప్ ఉంది కదా. నా ఫోన్‌లోనూ ఉంది. కానీ ఈ పొడుగు పుస్తకం మా ఆదివారం టీమ్‌కి చేసిన మేలు ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. పేజీలు ఎన్ని, రేటెంత అనేవి షాపులో అడిగితే చెప్తారు, అవి వదిలేస్తున్నా. నాకు ఈ పుస్తకంలో ప్రాణం అంటే పేజీ కింద ఉండే బౌలింగ్ గడులే.

ముందు మా టీమ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. వైజాగ్‌లో ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ)లో చదువుకోడానికి వచ్చిన అఫ్ఘన్, బంగ్లాదేశ్, నేపాల్ కుర్రాళ్ళు, స్టీల్ ప్లాంట్ వాళ్ళు, పోర్టు వాళ్ళు, మా ఎంవీపీ కాలనీ బ్యాచ్, అందరం కలిసి ఆడతాం. సొంత గ్రౌండ్ లేదు, ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్ దొరికితే అక్కడ, లేదంటే ఎవరు మ్యాచ్‌కి పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోవడమే. 1845లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఐ జింగారీ క్లబ్ కూడా ఇలాగే సొంత గ్రౌండ్ లేకుండా ఊళ్ళు తిరిగి ఆడుతూ ఇన్నేళ్ళు నిలబడిందని చదివాక, మనం కూడా క్లబ్బే అని నాకు గట్టిగా అనిపించింది. అసలు మన వైపు ఇది కొత్తేం కాదు, విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1930-31లో పేరున్న బ్యాట్స్‌మన్లు జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ ఇంగ్లండ్ నుంచి రప్పించి, మనవాళ్ళతో కలిపి సొంత టీమ్ కట్టి ఇండియా, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) తిప్పాడు. ఆయన దగ్గర డబ్బుంది, పేపర్లు రాశాయి. మా దగ్గర ఏముంది? కుర్రాళ్ళు కోర్సు అయిపోగానే వాళ్ళ దేశాలకి వెళ్ళిపోతారు, రెండు మూడేళ్ళకోసారి సగం టీమ్ మారిపోద్ది. ఎవరు ఆడారు, ఎలా ఆడారు అన్నదానికి మిగిలేది ఈ పుస్తకమే.

ఇప్పుడు అసలు సంగతి. ఒక మే నెలలో, పొద్దున మొదలెట్టిన ఇరవై ఓవర్ల మ్యాచ్ లేటయ్యి లేటయ్యి మిట్టమధ్యాహ్నం దాకా సాగింది. వైజాగ్ ఎండ సంగతి తెలిసిందే కదా, ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ, చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. మేము 138 కొట్టాం. అవతలి టీమ్ వాళ్ళు ఫోన్‌లో యాప్ పెట్టుకున్నారు, మా పక్క మా స్కోరర్ గారు, పోర్టులో రిటైరయిన పెద్దాయన, చెట్టు కింద కుర్చీ వేసుకుని పుస్తకం రాస్తున్నారు. పదిహేడో ఓవర్లో వాళ్ళ ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. నీళ్ళ సీసా పక్కన పెట్టి చల్లార్చి, మళ్ళీ ఆన్ చేసి, అప్పటిదాకా పడిన బంతులు గుర్తున్నంత వరకు మళ్ళీ ఎక్కించారు, పాపం వాళ్ళు కావాలని చేసింది కాదు. మ్యాచ్ అయ్యాక చూస్తే యాప్‌లో వాళ్ళ స్కోరు 139, అంటే వాళ్ళు గెలిచారు. మా పుస్తకంలో 137, అంటే మేము ఒక్క పరుగుతో గెలిచాం. ఇంకేముంది, రెండు పక్కలా అరుపులు మొదలయ్యాయి. వాళ్ళ కెప్టెన్ "ఏటన్నా, మీ పుస్తకం మీరు రాసుకున్నదే కదా, మేమెందుకు నమ్మాలి" అన్నాడు, అడగాల్సిన మాటే.

మా పెద్దాయన ఒక్క మాట కూడా పైకి అనలేదు. పుస్తకం వాళ్ళ ముందు పెట్టి, పెన్సిల్ చివరతో చూపిస్తూ కూడటం మొదలెట్టారు. బ్యాట్స్‌మన్ల వరసలన్నీ కలిపితే 119. ఎక్స్‌ట్రాలు, అంటే బ్యాట్స్‌మన్ ఖాతాలో పడని పరుగులు: బైలు (బంతి దేనికీ తగలకుండా పోతే తీసినవి) 3, లెగ్ బైలు (ఒంటికి తగిలి పోతే తీసినవి) 5, వైడ్లు 8, నోబాల్స్ 2, మొత్తం 18. రెండూ కలిపితే 137. తర్వాత కిందకి వచ్చి బౌలర్లు ఇచ్చిన పరుగులు విడిగా కూడారు, 129. బైలు, లెగ్ బైలు బౌలర్ ఖాతాలో పడవు కాబట్టి ఆ 8 కలిపితే మళ్ళీ 137. పైన బంతి బంతికీ అంకెలు కొట్టేసుకుంటూ పోయే పట్టీ ఉంటది కదా, అక్కడ కూడా 137 దగ్గరే ఆగింది. ఒకే పరుగు మూడు చోట్ల పడుతుంది, ఒకచోట తప్పు రాస్తే మిగతా రెండూ దాన్ని పట్టిచ్చేస్తాయి. తర్వాత పదిహేడో ఓవర్ గడి చూపించారు, వేసింది మా అఫ్ఘన్ లెగ్ స్పిన్నర్: డాట్ (పరుగు రాని బంతి), ఒకటి, తలకిందుల త్రికోణంలో 2 అంటే లెగ్ బైలు, మళ్ళీ డాట్, నాలుగు, ఒకటి. యాప్‌లో ఆ నాలుగో బంతి డాట్ లేదు, దాని బదులు లెగ్ బైలు రెండోసారి పడ్డాయి. తేడా వచ్చిన రెండు పరుగులూ అవే. అంపైర్‌ని అడిగితే ఆ ఓవర్లో లెగ్ బై సిగ్నల్ ఒక్కసారే ఇచ్చానన్నాడు, ఆ నాలుగో బంతి ఆడిన బ్యాట్స్‌మన్ కూడా "అవును, దానికి నేను బీట్ అయ్యాను" అని తనే చెప్పాడు, అలాంటి కుర్రాడికి దండం పెట్టాలి. వాళ్ళ కెప్టెన్ పుస్తకం కింద సంతకం పెట్టి మాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ సంతకం పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

అప్పట్నుంచి ఈ లెక్కల మీద నాకు పిచ్చి పట్టింది. 1844లో న్యూయార్క్‌లో సెయింట్ జార్జ్ క్లబ్ గ్రౌండ్ మీద అమెరికా, కెనడా ఆడాయి, దేశాల మధ్య జరిగిన మొదటి క్రికెట్ మ్యాచ్ అదే అంటారు. రెండేసి ఇన్నింగ్స్‌లలో కెనడా 82, 63, అమెరికా 64, 58. మీరే కూడి చూడండి, 145కీ 122కీ తేడా 23, కెనడా గెలిచింది 23 పరుగులతోనే. ఆడినవాళ్ళెవరూ లేరు, ఆ లెక్క మాత్రం ఇవాళ మన ముందు సరిపోతోంది. అంతకు ముందు ఇంగ్లండ్ పల్లెటూళ్ళలో కర్ర మీద చాకుతో గాట్లు పెట్టి పరుగులు లెక్కేసేవాళ్ళు, ఆ కర్రలతో మొత్తం తెలుస్తది గానీ ఎవరు ఎంత కొట్టారో ఎక్కడ తెలుస్తది?

అయితే ఇంత పొగిడాక కొన్ని చెప్పకపోతే అన్యాయం. ఆ రోజు మమ్మల్ని గెలిపించింది పుస్తకం ఒక్కటే కాదు, రాసిన చెయ్యి కూడా. పెద్దాయన రాని ఆదివారాలు ఔటయి వచ్చినవాడు కాసేపు, ప్యాడ్లు కట్టుకుంటున్నవాడు కాసేపు రాస్తారు, ఆ పేజీల్లో బ్యాటింగ్‌కీ బౌలింగ్‌కీ పొంతన కుదరదు. పేర్ల గడి కూడా చాలా చిన్నది, మన ఇంటిపేర్లే పట్టవు, ఇంక అఫ్ఘన్ కుర్రాళ్ళ పేర్లేం పడతాయి. దాంతో పాత పేజీల్లో చాలాచోట్ల "భాయ్", "లెఫ్టీ", "నేపాల్ తమ్ముడు" అనే ఉంటది. లెఫ్టీ అన్నవాడు ఒక మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు, ఎవడో ఇప్పుడు చెప్పగలిగేవాడు లేడు. దీని గురించి నాకు నిజంగా బాధే. ఇప్పుడు పేజీ వెనకాల పదకొండు మంది పూర్తి పేర్లు, ఊళ్ళు, దేశాలు విడిగా రాయిస్తున్నాం.

ఇంకోటి మన సముద్రపు గాలి. కుట్టు బైండింగ్ కాకుండా పిన్నులు కొట్టిన పుస్తకం తీసుకుంటే ఒక వానాకాలానికే పిన్నులు తుప్పు పట్టి మధ్య కాగితాలు ఊడొస్తాయి. మా మొదటి పుస్తకం 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు కిటికీ అద్దాలు పగిలి తడిసి ముద్దయింది. ఆరబెట్టి విప్పితే జెల్ పెన్‌తో రాసినవన్నీ నీలం మరకలు, పెన్సిల్‌తో రాసినవి మాత్రం చుక్కతో సహా చదవొచ్చు. పెద్దాయన పెన్సిల్ తప్ప ముట్టరు, అందరూ ఎందుకు సార్ అని విసిగించేవాళ్ళు, ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మరి కొనాలా అంటే, మీ టీమ్ మీద ఆధారపడి ఉంటది. ఆటగాళ్ళు మారిపోతూ ఉండే టీమ్ అయ్యి, ఓపిగ్గా కూర్చుని రాసే మనిషి ఒక్కరైనా ఉంటే కళ్ళు మూసుకుని కొనండి. ఎప్పుడో ఒకసారి కార్పొరేట్ టోర్నీ ఆడేవాళ్ళకి, స్కోర్ ఇంట్లోవాళ్ళు లైవ్‌లో చూడాలనుకునేవాళ్ళకి యాపే నయం, మా బంగ్లాదేశ్ కుర్రాళ్ళ అమ్మానాన్నలు కూడా దాంట్లోనే చూస్తారు, అందుకే మేము రెండూ నడుపుతున్నాం. పుస్తకం పేజీలు మాత్రం అదే రోజు సాయంత్రం ఫోటోలు తీసి గ్రూప్‌లో పెడుతున్నాం. పెద్దాయనకి ఈ మధ్య కళ్ళు సరిగా ఆనట్లేదు, గడులు కాస్త పెద్దగా ఉండి కుట్టు బైండింగ్ ఉన్న స్కోర్ బుక్ జగదాంబ సైడు ఎక్కడైనా దొరుకుతుంటే చెప్పండి, ఈసారి అలాంటిదే తీసుకోవాలి.